టోక్యో – లాస్ ఏంజెలెస్: దూరం ఒక్కటే అయినప్పుడు వెళ్లడానికి 10 గంటలు, రావడానికి 12 గంటలు ఎందుకు?

బాటసారి (ప్రశ్న):

దూర నగరాల మధ్య విమాన దూరాన్నీ ప్రయాణ కాలాన్నీ ఒకచోట చేర్చి నా కోసం ఒక పట్టిక తయారు చేసుకుంటున్నాను. ప్రతి నగరాల జంటకూ రెండే గడులు పెట్టాను: ఒకదానిలో కిలోమీటర్లు, మరొకదానిలో గంటలు. టోక్యో – లాస్ ఏంజెలెస్ వరుస దగ్గరకు వచ్చేసరికి ఆ రెండు గడులూ చాలవని అర్థమైంది.

మొదటి చిక్కు దూరంతోనే వచ్చింది. ఒకచోట 8,770 కిలోమీటర్లని, ఇంకొకచోట 8,813 అని, వేరొకచోట 8,830 అని చూశాను. పోనీ మైళ్లలో చూద్దామనుకుంటే ఒక పట్టికలో 5,480, మరొక పట్టికలో 4,760 ఉన్నాయి. ఎక్కడున్నవి అక్కడే ఉండే రెండు నగరాల మధ్య దూరం ఇన్ని విధాలుగా ఎలా మారుతుందో నాకు అంతుపట్టలేదు.

రెండవ చిక్కు కాలంతో వచ్చింది. పెద్ద జెట్ విమానాలు గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయని చదివాను కనుక, 8,800ను 900తో భాగించి 9 గంటల 47 నిమిషాలు రాసుకున్నాను. కానీ గత జనవరిలో నేనే ఈ దారిలో వెళ్లి వచ్చినప్పుడు, సంస్థ ప్రకటించిన కాలం వెళ్లడానికి 10 గంటలు, రావడానికి 12 గంటలు. సీటు ముందున్న తెర మీద వేగం వెళ్లేటప్పుడు ఒక దశలో 1,120 కిలోమీటర్లు చూపించింది. తిరుగు ప్రయాణంలో మాత్రం గంటల తరబడి 760 దగ్గరే తచ్చాడింది. రెండుసార్లూ ఎక్కింది ఒకే రకం విమానం.

వీటితోపాటు మరో రెండు సందేహాలున్నాయి. రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నప్పుడు తూర్పుగా సూటిగా పోకుండా, తెర మీద దారి ఉత్తరానికి విల్లులా వంగి కనిపించడం ఎందుకు? శనివారం సాయంత్రం 5 గంటలకు టోక్యోలో ఎక్కి, అదే శనివారం ఉదయం 10 గంటలకు లాస్ ఏంజెలెస్‌లో దిగాను. ఇది దినరేఖ (పసిఫిక్ మధ్యలో తేదీ మారే గీత) వలన జరిగిందని తెలుసు గానీ, కాగితం మీద లెక్క వేసిన ప్రతిసారీ ఒక రోజు ఎక్కువో తక్కువో వస్తోంది. తెలిసినవారు ఓపికగా వివరించగలరు.


దిక్సూచి:

బాటసారి గారూ, దూరం సంగతి నేను చెబుతాను, కాలం సంగతి ఇక్కడున్న వాతావరణ శాస్త్రం తెలిసినవారికి వదిలేస్తాను.

మీరు చూసిన అయిదు అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. టోక్యోకు రెండు పెద్ద విమానాశ్రయాలున్నాయి. హనేడా నగరాన్ని ఆనుకొని సముద్రతీరంలో ఉంది. నరీటా నగర కేంద్రానికి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. తూర్పున ఉన్నదంటే అమెరికాకు ఆ మేరకు దగ్గరైనట్లే. కనుక 8,770 అన్నది నరీటా నుండి వేసిన దూరం, తక్కిన రెండూ హనేడా నుండి వేసినవి. ఆ రెండింటిలో 8,813 భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల నిండు గోళంగా భావించి వేసిన లెక్క. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా అణగి, భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి ఉంటుంది. ఈ రెండు వ్యాసార్ధాలకూ మధ్య సుమారు 21 కిలోమీటర్ల తేడా ఉంది. ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఇలా తూర్పు పడమరలుగా సాగే దారి కాస్త పొడవై 8,830 దగ్గర తేలుతుంది.

మైళ్ల విషయానికి వస్తే, 5,480 అన్నవి నేల మీద వాడే మైళ్లు, 4,760 అన్నవి నాటికల్ మైళ్లు. విమాన చోదకులకు నాటికల్ మైలే ప్రాణం. దాని పొడవు 1,852 మీటర్లని నిర్ణయించారు. అది అక్షాంశంలో ఒక నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, దాదాపు సరిపోతుంది. భూకేంద్రం నుండి చూస్తే హనేడాకూ లాస్ ఏంజెలెస్ విమానాశ్రయానికీ మధ్య కోణం 79 డిగ్రీల పైచిలుకు. దానిని 60తో గుణించి చూడండి, నాటికల్ మైళ్లు వాటంతటవే వచ్చేస్తాయి. ఇంత సుఖమైన కొలమానాన్ని వదులుకోవడానికి ఆకాశంలోనూ సముద్రంలోనూ ఎవరూ ఇష్టపడరు.

ఇక వంపు సంగతి. ఆ వంపు దారిలో లేదు, పటంలో ఉంది. బల్లపరుపు కాగితం మీద గోళాన్ని పరిచేటప్పుడు ఏదో ఒకచోట సాగదీయక తప్పదు. 1569లో పటాల నిర్మాత మెర్కేటర్ వేసిన పద్ధతిలో ధ్రువాల వైపు పోయే కొద్దీ ప్రదేశాలు అంతకంతకూ సాగిపోతాయి. ఓడ నడిపేవారికి దిక్కు మారని గీతలు సరళరేఖలుగా కనబడాలన్న ఉద్దేశంతో ఆయన ఆ పని చేశాడు. దాని మీద సూటిగా కనిపించేది అతి తక్కువ దూరం కాదు. ఒక గ్లోబు తీసుకొని టోక్యో మీద, లాస్ ఏంజెలెస్ మీద వేళ్లు ఉంచి మధ్యలో దారాన్ని బిగువుగా లాగితే, ఆ దారం తనంతట తానే ఉత్తరానికి జరుగుతుంది. దీనినే మహావృత్త మార్గం అంటారు. లెక్క వేసి చూశాను: ఈ మార్గం 35 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుండి మొదలై, పసిఫిక్ మధ్యలో దాదాపు 48 డిగ్రీల దాకా ఎక్కి, మళ్లీ 34 దగ్గరకు దిగుతుంది. మీరన్నట్లు అక్షాంశాన్ని విడవకుండా తూర్పుగా పోతే సుమారు 9,300 కిలోమీటర్లు అవుతుంది, అంటే 500 కిలోమీటర్లు అదనం.

విమానం 10, 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, అక్కడ వృత్తం పెద్దది కదా అని కూడా కొందరు అడుగుతారు. నిజమే, కానీ ఆ ఎత్తు వలన మొత్తం దారిలో కలిసేది దాదాపు 15 కిలోమీటర్లే. ఒక నిమిషం ప్రయాణం.


ఉదయకిరణం:

కాలం తేడాకు కారణం చాలా సులభమైనదని నా అభిప్రాయం. భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతోంది. టోక్యో నుండి తూర్పుకు పోయే విమానానికి ఆ భ్రమణ వేగం కలిసివస్తుంది. పడమరకు పోయేటప్పుడు అది ఎదురవుతుంది. అందువలననే రెండు గంటల తేడా వస్తోంది.


వాయుగుండం:

ఉదయకిరణం గారు మన్నించాలి, ఆ వివరణ నిలబడదు. 35 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి ఉపరితలం గంటకు దాదాపు 1,370 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఆ వేగం విమానానికి కలిసిరావడమో అడ్డుపడడమో జరిగితే తేడా రెండు గంటలతో ఆగదు. ఒకవైపు విమానం గమ్యానికి ఎన్నటికీ చేరదు. పైగా మీ తర్కం ప్రకారం తూర్పున ఉన్న గమ్యం కూడా అదే వేగంతో విమానానికి దూరంగా జరిగిపోతూ ఉండాలి కదా! నేల, నేల మీది రన్‌వే, దాని పైనున్న గాలి, ఆ గాలిలోని విమానం అన్నీ కలిసే తిరుగుతున్నాయి కనుక, ప్రయాణికునికి సంబంధించినంతవరకు ఆ భ్రమణం లేనట్లే. అయితే మీరు పట్టుకున్న కొసలో కొంత సత్యముంది. భూభ్రమణం విమానాన్ని నెట్టదు గానీ, గాలి ఏ దిక్కుకు వీయాలో నిర్ణయించడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. భూమధ్యరేఖ వైపు నుండి ధ్రువాల వైపు కదిలే గాలి భ్రమణం కారణంగా తూర్పుకు మళ్లుతుంది. మధ్య అక్షాంశాలలో 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు ఏరులా పారే ఆ బలమైన గాలినే జెట్ స్ట్రీమ్ అంటారు.

ఈ గాలి ప్రపంచం మొత్తం మీద అత్యంత బలంగా వీచే చోట్లలో జపాన్ గగనతలం ఒకటి. శీతకాలంలో ఆసియా ఖండం మీది గడ్డకట్టే చలిగాలీ దక్షిణ సముద్రాల మీది వెచ్చని గాలీ అక్కడ తక్కువ దూరంలో ఎదురెదురుగా నిలుస్తాయి. ఉష్ణోగ్రతలో తేడా ఎంత పదునుగా ఉంటే పైన గాలి అంత వేగంగా వీస్తుంది. జనవరిలో అక్కడ గంటకు 300 కిలోమీటర్లు దాటిన గాలులు అరుదేమీ కావు. మీరు ప్రయాణించింది సరిగ్గా ఆ నెలలోనే. వేసవిలో ఇదే ప్రవాహం బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది కనుక, అప్పుడు వెళ్లి వచ్చి ఉంటే తేడా ఇంతగా కనిపించేది కాదు.

ఈ గాలిని మొదట పద్ధతిగా కొలిచినది కూడా జపాన్‌లోనే. వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1920లలో బెలూన్లు ఎగరవేసి, వాటి గమనాన్ని గమనించి, పైన ఇంతటి గాలి ఉందని గుర్తించాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో ఆ ఫలితాలను ఎస్పరాంటో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషలో ప్రచురించాడు. ఫలితంగా దాదాపు ఎవరూ చదవలేదు. 1944లో టోక్యో మీదికి వచ్చిన అమెరికన్ బీ-29 బాంబర్ విమానాలు ఆ ఎత్తున ఊహించని గాలిలో చిక్కుకొని గురి తప్పాయి. అదే గాలిని నమ్ముకొని జపాన్ 1944 నవంబరు నుండి 1945 ఏప్రిల్ దాకా తొమ్మిది వేలకు పైగా బాంబు బెలూన్లను పసిఫిక్ మీదుగా అమెరికా వైపు వదిలింది. ప్రయాణికుల విమానానికి ఈ గాలి ఉపయోగపడింది 1952 నవంబరులో: టోక్యో నుండి హోనొలులుకు పోయే అమెరికన్ సంస్థ పాన్ యామ్ విమానం 7,600 మీటర్ల ఎత్తుకు ఎక్కి ఆ ప్రవాహంలో సాగి, అంతకు ముందు 18 గంటలు పట్టిన దారిని పదకొండున్నర గంటల్లో ముగించింది.

ఇప్పుడు మీ 900 సంగతి. ఆ అంకె సరైనదే, కానీ అది గాలితో పోల్చిన వేగం, నేలతో పోల్చినది కాదు. విమానం ఎగిరే ఎత్తున గాలి మైనస్ 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటివి అందులో 0.85 వంతు వేగంతో, అంటే 900 దగ్గర, పోతాయి. మీరు తెర మీద చూసిన 1,120 గ్రౌండ్ స్పీడ్, అంటే నేలతో పోల్చిన వేగం: 900కు 220 కిలోమీటర్ల తోడుగాలి కలిసింది. ధ్వని వేగాన్ని మించిపోయారని సంబరపడనక్కరలేదు, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం 900 దగ్గరే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు 760 అంటే ఎదురుగాలి 140 అన్నమాట.

దారి పొడవునా సగటున 100 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. వెళ్లేటప్పుడు 8,813ను 1,000తో భాగిస్తే 8 గంటల 49 నిమిషాలు. వచ్చేటప్పుడు 800తో భాగిస్తే 11 గంటల 1 నిమిషం. ఇక్కడ చాలామంది గమనించని ఒక సంగతి ఉంది. వెళ్లేటప్పుడు మిగిలిన కాలం, వచ్చేటప్పుడు పోయిన కాలం సమానమై చెల్లుకు చెల్లు అవుతుందని అనుకుంటాం. గాలి లేకపోతే రానూపోనూ కలిపి 19 గంటల 35 నిమిషాలు పట్టాలి; 100 కిలోమీటర్ల గాలితో అది 19 గంటల 50 నిమిషాలైంది. గాలి 200 అయితే మొత్తం 20 గంటల 36 నిమిషాలకు చేరుతుంది, అంటే గంటకు పైగా నష్టం. ఎదురుగాలిలో నెమ్మదిగా పోతాం కనుక, ఆ గాలి బారిన ఎక్కువ సేపు పడి ఉంటాం. తోడుగాలి మాత్రం త్వరగా గమ్యం చేర్చి, తాను చేసే మేలును తానే కుదించుకుంటుంది.


ఉదయకిరణం:

గమ్యం కూడా జరిగిపోతుందన్న మాటతో నా లెక్క కూలిపోయింది. సరిదిద్దినందుకు కృతజ్ఞతలు.


బాటసారి:

దిక్సూచి గారికీ వాయుగుండం గారికీ ధన్యవాదాలు. ఇంకా రెండు ముడులు మిగిలాయి. గాలి లెక్క ప్రకారం వెళ్లడానికి 8 గంటల 49 నిమిషాలే వచ్చింది గానీ, సంస్థ ప్రకటించింది 10 గంటలు. ఆ మిగతా గంట ఎక్కడికి పోయింది? అదీ కాక, తిరుగు ప్రయాణంలో మా విమానం దిక్సూచి గారు చెప్పిన 48 డిగ్రీల కంటే బాగా పైకి, అలాస్కా పక్కనున్న అల్యూషన్ దీవుల దాకా వెళ్లినట్లు తెర మీద చూశాను. అతి తక్కువ దూరం తెలిసి ఉండి కూడా దానిని వదిలిపెట్టడం దేనికి?


పాత డిస్పాచర్:

విమానాలకు దారి గీసే ఫ్లైట్ డిస్పాచ్ పనిలో చాలా ఏళ్లు గడిపి విరమించుకున్నవాణ్ని. మీరు అడిగిన రెండూ మా బల్ల మీది ప్రశ్నలే.

ముందు పోయిన గంట సంగతి. సంస్థలు ప్రకటించేది గాలిలో ఉండే కాలం కాదు. దానిని బ్లాక్ టైమ్ అంటారు: చక్రాల కింది అడ్డుదిమ్మెలు తీసి విమానం గేటు విడిచిన క్షణం నుండి, అవతలి గేటు దగ్గర మళ్లీ దిమ్మెలు పెట్టే క్షణం వరకు. గేటు నుండి రన్‌వే చేరడానికి, వరుసలో నిలబడి ఎగరడానికి పెద్ద విమానాశ్రయాల్లో పదిహేను, ఇరవై నిమిషాలు సులభంగా పోతాయి. అవతల దిగాక గేటు చేరడానికి మరో పది. విమానం లేచిన వెంటనే 900 వేగం అందుకోదు. పైకి ఎక్కడానికి అరగంట, దిగడానికి అరగంట పడుతుంది, ఆ రెండు దశల్లోనూ వేగం తక్కువ. దిగేముందు మిగతా విమానాలతో కలిసి వరుసలోకి రావడానికి చుట్టు తిరగవలసి వస్తుంది. రన్‌వే ఏ దిక్కున వాడుతున్నారన్నది ఆనాటి నేల గాలి మీద ఆధారపడుతుంది కనుక, ఒక్కోసారి విమానాశ్రయాన్ని దాటిపోయి వెనక్కు రావాలి. వీటన్నిటి మీదా సంస్థ కొంత వెసులుబాటు కూడా కలుపుతుంది. అర్ధగంట ఆలస్యంగా బయలుదేరిన విమానం సమయానికే చేరిందని పైలట్‌ను మెచ్చుకుంటారు గానీ, అందులో ఎక్కువ భాగం ఈ వెసులుబాటు మహిమే. వేగాన్ని ధ్వని వేగంలో 0.84 వంతు నుండి 0.86 వంతుకు పెంచినా ఇంత పొడవైన దారిలో మిగిలేది పన్నెండు, పదమూడు నిమిషాలు. దానికి ఇంధనం మాత్రం బాగా ఖర్చవుతుంది.

ఇక అల్యూషన్ దారి. మాకు అతి తక్కువ దూరంతో పని లేదు, అతి తక్కువ కాలంతోనూ అతి తక్కువ ఇంధనంతోనూ పని. ఒక ఉదాహరణ చూడండి. మహావృత్తం మీద 8,813 కిలోమీటర్లను ఎదురుగాలిలో సగటున 780 వేగంతో పోతే 11 గంటల 18 నిమిషాలు పడుతుంది. ఉత్తరానికి తప్పుకొని 9,100 కిలోమీటర్లు పోయినా, అక్కడ గాలి నెమ్మదించి సగటు వేగం 830కి పెరిగితే 10 గంటల 58 నిమిషాలే. దాదాపు 290 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఇరవై నిమిషాలు ముందు చేరాం. తూర్పుకు పోయేటప్పుడు దీనికి తిరగబడ్డ పని చేస్తాం: గాలి బలంగా ఉన్న చోటును వెతుక్కుంటూ, అవసరమైతే మహావృత్తానికి దక్షిణంగానైనా పోయి ప్రవాహంలో దూరతాం. కనుక మీ పట్టికలోని 8,830 కిలోమీటర్లను విమానం అచ్చంగా ఎగిరే రోజంటూ ఉండదు.

ఈ దారులు ఎవరికి వారు గీసుకునేవి కావు. పసిఫిక్ మీద విమానాల రద్దీ ఎక్కువ కనుక, ఆనాటి గాలి సూచనలను బట్టి జపాన్‌లోని ఫుకువోకా విమాన నియంత్రణ కేంద్రం, అమెరికాలోని ఓక్‌లాండ్ కేంద్రం ప్రతి రోజూ కొత్త దారులను ప్రకటిస్తాయి. నిన్నటి దారి నేటికి చెల్లదు. అంతేకాక, రెండు ఇంజన్ల విమానం మధ్యదారిలో ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత కాలంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేటంత దూరంలోనే ఉండాలి. 1985లో ఆ గడువును 120 నిమిషాలకు పెంచారు. ఆ తరువాత 180 నిమిషాల అనుమతులు వచ్చాయి. ఉత్తర పసిఫిక్‌లో అలా దిగడానికి అలాస్కాలోని కోల్డ్ బే, యాంకరేజ్ వంటివి, మధ్యలో మిడ్‌వే దీవి ఉన్నాయి. కోల్డ్ బేలో మంచు తుఫాను ఉందంటే ఆ రోజు దారి మరోలా ఉంటుంది. తెర మీద ఆ దీవుల పక్క నుండి పోతూ కనిపించిన వంపులో గాలితో పాటు ఇదీ కలిసి ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి. పొడవైన ప్రయాణం మొదట్లో విమానం ఇంధనంతో బరువెక్కి ఉండి ఎక్కువ ఎత్తుకు పోలేదు. 31,000 లేదా 33,000 అడుగుల దగ్గర మొదలుపెట్టి, ఇంధనం తరిగే కొద్దీ మెట్లు మెట్లుగా 37,000, 39,000 దాకా ఎక్కుతుంది. ప్రతి మెట్టు దగ్గరా గాలి మారుతుంది కనుక తెర మీది వేగం కూడా మారుతుంది. మీరు చూసిన 1,120 దారంతా లేకపోవడానికి ఇదొక కారణం.


ఉత్తరధ్రువం:

గాలి సంగతి అందరూ చెప్పారు గనుక, నేల మీది సరిహద్దుల సంగతి నేను కలుపుతాను. బాటసారి గారి పట్టికలో యూరప్ నగరాలు కూడా ఉంటే ఇది తప్పక ఎదురవుతుంది.

హెల్సింకీ నుండి టోక్యోకు మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు, అంటే మీ దారి కంటే వెయ్యి కిలోమీటర్లు తక్కువ. రష్యా మీదుగా నేరుగా ఎగిరిన కాలంలో అది దాదాపు 9 గంటల ప్రయాణం. 2022 ఫిబ్రవరి చివరలో రష్యా గగనతలం యూరప్ సంస్థలకు మూతపడ్డాక అదే దారి సుమారు 13 గంటలైంది. విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో చుట్టి పోతున్నాయి. 9,600 కిలోమీటర్ల లండన్ – టోక్యో కూడా పన్నెండు గంటల లోపు ఉన్నది పద్నాలుగు దగ్గరకు పోయింది. టోక్యో నుండి లండన్‌కు పోయే విమానాలు తూర్పుగా బయలుదేరి, పసిఫిక్, అలాస్కా, గ్రీన్‌లాండ్‌ల మీదుగా పోవడం, లండన్ నుండి వచ్చేవి మధ్య ఆసియా మీదుగా రావడం ఇప్పుడు సాధారణమైంది. వాయుగుండం గారి భాషలో చెప్పాలంటే రెండుసార్లూ తోడుగాలిని వెతుక్కుంటూ భూమిని చుట్టేస్తున్నాయి.

ఇది కొత్త కూడా కాదు. సోవియట్ గగనతలం మూసి ఉన్న రోజుల్లో, 1957లో స్కాండినేవియన్ సంస్థ కోపెన్‌హాగన్ నుండి యాంకరేజ్‌లో ఆగి టోక్యో చేరే ధ్రువ మార్గాన్ని ప్రారంభించింది. దశాబ్దాల పాటు యూరప్ నుండి జపాన్ పోయేవారు ఆ అలాస్కా మజిలీలోనే కాళ్లు చాపుకొనేవారు. టోక్యో – లాస్ ఏంజెలెస్ మధ్య ఉన్నదంతా సముద్రమే కనుక ఈ బెడద మీకు తగల్లేదు.


దిక్సూచి:

దినరేఖ ప్రశ్న అలాగే ఉండిపోయింది, దానిని కూడా ముగిస్తాను. బాటసారి గారూ, మీ లెక్క తప్పడానికి కారణం దినరేఖ దగ్గర ఒక రోజు తీసివేసి, మళ్లీ రెండు నగరాల కాల వ్యత్యాసాన్ని కూడా తీసివేయడమే అయి ఉంటుంది. ఆ వ్యత్యాసంలో దినరేఖ ముందే కలిసి ఉంది. గీత ఎక్కడ దాటారన్నది మరచిపోయి, రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న ప్రమాణ కాలంలోకి, మార్చుకోండి. టోక్యో యూటీసీ కంటే 9 గంటలు ముందు. లాస్ ఏంజెలెస్ శీతకాలంలో 8 గంటలు వెనుక. శనివారం సాయంత్రం 5 అంటే యూటీసీలో శనివారం ఉదయం 8. పది గంటలు కలిపితే సాయంత్రం 6. అందులో నుండి 8 తీసేస్తే శనివారం ఉదయం 10. మీరు దిగిన సమయం అదే.

వచ్చేటప్పుడు శనివారం ఉదయం 11కు బయలుదేరారనుకోండి. యూటీసీలో అది రాత్రి 7. పన్నెండు గంటలు కలిపితే ఆదివారం ఉదయం 7. దానికి 9 కలిపితే టోక్యోలో ఆదివారం సాయంత్రం 4. వెళ్లేటప్పుడు గడియారం ప్రకారం ఏడు గంటలు లాభం, వచ్చేటప్పుడు ఇరవై తొమ్మిది గంటలు ఖర్చు. ఆ ఖర్చులో నుండి లాభాన్ని తీసేస్తే ఇరవై రెండు, అంటే మీరు విమానాల్లో నిజంగా గడిపిన పదీ పన్నెండూ.


బాటసారి:

అందరికీ కృతజ్ఞతలు. రెండు గడుల పట్టికను చెరిపేసి కొత్తగా గీశాను. ఈ వరుస ఇప్పుడు ఇలా ఉంది: హనేడా – లాస్ ఏంజెలెస్, మహావృత్త దూరం 8,830 కిలోమీటర్లు, జనవరిలో గేటు నుండి గేటుకు తూర్పు దిక్కున 10 గంటలు, పడమర దిక్కున 12 గంటలు, కాల వ్యత్యాసం 17 గంటలు. ఆలోచించి చూస్తే, ఇంతకు ముందు నింపిన వరుసలు సాఫీగా కుదరడానికి కారణం నేను ప్రతిదానిలోనూ ఒకవైపు కాలాన్నే చూడడం. వాటినన్నిటినీ మళ్లీ మొదటి నుండి చూడాలి.


దిక్సూచి:

చివరి గడిలో చిన్న సవరణ. జపాన్ ఏడాది పొడవునా గడియారం మార్చదు; లాస్ ఏంజెలెస్ మారుస్తుంది. మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు ఆ వ్యత్యాసం 16 గంటలు. నెల పేరును కాలాల గడికే కాక ఆ గడికి కూడా తగిలించండి.